తూర్పు గోడకు ఆనుకుని

"ఎరుపు తీసెయ్యమంటున్న, తీసెయ్!" భూదేవి బీడీల చాటను అరుగు మీద ఠప్పున పెట్టింది. "నీ కంప్యూటర్ల ఇంకో రంగే లేదా? మీ బాపు గోడకే ఎరుపు దొరికిందా నీకు?"

"ఎరుపు పెట్టలే అవ్వా. ఇప్పటికి పసుపే ఉన్నది. ఎరుపు పెట్టాల్నా వద్దా అనే అడుగుతున్న."

"ఎవలను అడుగుతున్నవ్?"

లీల తల్లి మీది నుంచి చూపు వాకిట్లోకి తిప్పింది. అడగవలసిన మనిషి ఆరడుగుల దూరంలో, వాకిట్లో మంచం మీద కూర్చుని చెప్పు పట్టీ సరిచేసుకుంటున్నాడు. నిన్న సాయంత్రం నుంచి ఆ పట్టీ సరికావడం లేదు.

సమ్మయ్య ఒక పూటంతా మాట్లాడకుండా ఉన్నాడంటే ఎర్రగుంటలో ఎవరూ నమ్మరు. మస్కట్‌లో తొమ్మిదేళ్లు తాపీ పని చేసి వచ్చిన మనిషి. అక్కడి ఇరవై అంతస్తుల కథలు చాయ్ హోటల్ దగ్గర ఇప్పటికీ వారానికి నాలుగుసార్లు చెబుతాడు, వినేవాళ్లు లేచిపోయినా చెబుతాడు. అలాంటివాడు నిన్న కూతురు లాప్‌టాప్ తెరిచి దొరల గడిని, ఊళ్లోని ఆ పాత మేడను, గిరగిరా తిప్పి చూపించినప్పుడు ఒకే ఒక్క మాట అని, మళ్లీ నోరు తెరవలేదు.

"ఇడిశిపెట్టిన" అన్నాడు. అంతే.

లీల అడిగింది చిన్న ప్రశ్నే. గడి పై అంతస్తును ఏడు టేకు దూలాలు మోస్తున్నాయి. వాటి కొసలు తూర్పు గోడలోకి దూరి కూర్చుని ఉంటాయి. పాతకాలం మేస్త్రీలు ప్రతి కొస చుట్టూ నాలుగు వేళ్లు పట్టేంత సందు వదిలేవాళ్లు, కట్టెకు గాలి ఆడాలని. రెండువేల నాలుగులో, సమ్మయ్య మస్కట్ నుంచి తిరిగొచ్చిన ఏడాది, ఊరంతా కలిసి అడిగితే ఆ గోడకు లోపలా బయటా సిమెంటు పూసింది అతనే. అప్పుడు ఆ సందులు వదిలాడా, మూశాడా? లీలకు అది తెలియాలి.

మూడు కాళ్ల లేజర్ స్కానర్ గోడను కోట్ల చుక్కలుగా పట్టి తెస్తుంది. ఆ చుక్కలతో లీల హైదరాబాద్ కంపెనీ కోసం గడి మొత్తాన్ని, ప్రతి తలుపునూ ప్రతి దూలాన్నీ కంప్యూటర్లో మళ్లీ నిలబెట్టింది. కానీ ఎంత ఖరీదైన స్కానర్ అయినా పైపొరనే చూస్తుంది. లోపల ఏముందో చేసిన చెయ్యి చెప్పాలి.

"బాపూ, ఇంకొక్కసారి అడుగుత." లీల వాకిట్లోకి వచ్చి అతని ముందు గొంతుక్కూర్చుంది. "ఏప్రిల్ల ఒకసారి కొలిచిన, మొన్న ఇంకోసారి కొలిచిన. ఈ పొద్దున రెండు బొమ్మలు ఒకదాని మీద ఒకటి పెట్టి సూసిన. పై అంతస్తు పదకొండు మిల్లీమీటర్లు దిగింది."

"పదకొండంటే ఎంత?" భూదేవి అరుగు మీది నుంచే అడిగింది.

లీల చిటికెన వేలి గోరు చూపించింది.

"గింతకేనా గీ లొల్లి!"

"గింతే. గని దూలం బరువుకు వంగితే నడుమల వంగాలె. గిది నడుమల వంగలే, గోడ కాడ దిగింది. వానలు పడ్డ నాలుగు నెలల్ల దిగింది. మూడో దూలమైతే అన్నిటికన్న ఎక్కువ."

"నీ మిషను వంకరగ నిలవెట్టి ఉంటవ్."

"గదే మిషను తోటి పడమటి గోడ గూడ కొలిచిన అవ్వా. గాడ ఒక్క నూలు తేడా లేదు."

సమ్మయ్య పట్టీ వదిలేసి రెండో చెప్పు తీసుకున్నాడు. దానికి అసలు ఏమీ కాలేదు.

"నాకు చెప్పకు నువ్వు," భూదేవి చాటలోని తునికాకు కట్టలు గబగబా సంచిలో కుక్కింది. "పద్దెనిమిదేండ్ల సంది గా గోడకు ఆనుకొనే బీడీలు చేస్తున్న. మొదటి దినం నన్ను చెయ్యి వట్టి తీస్కపోయి గాడ కూసోవెట్టింది ఎవలు? మీ బాపు. 'గీ గోడకు ఆనుకొని కూసో, ఊరు మొత్తం మీద గింత గట్టి జాగ లేదు' అన్నడు. మొన్న వానకాలంల గూడ అచ్చి, నా జాగంత ఊడ్చి, గోడకు సున్నం పూసి పోయిండు. ఏ మొగడు చేస్తడే గట్ల? మిగిలినోళ్ల మొగలు సముద్రం అవుతల ఉన్నరు. నా మొగడు నా పక్కపొంటి ఉన్నడు."

ఆ మాటకు సమ్మయ్య చెయ్యి ఆగింది. లీల ఆ సమయంలో తల్లి వైపు చూస్తూ ఉంది కనుక గమనించలేదు.

"ఇయ్యాల పోకవ్వా."

"ఇయ్యాల బేస్తారం. వారం బీడీలు అప్పజెప్పే దినం. పోకపోతే టేకేదారు ఇంటికొచ్చి తీస్కపోతడా?"

బేస్తవారమే లీల భయం. మిగిలిన రోజుల్లో సగం మంది ఇళ్లలోనే చేసుకుంటారు. బేస్తవారం మాత్రం ముప్పై తొమ్మిది మంది ఆడవాళ్లూ, సంచులూ బస్తాలూ మోసుకుని ఒకేసారి గడి పై అంతస్తు హాల్లోకి ఎక్కుతారు. బీడీలు లెక్కచూసి తీసుకునే టేకేదారుకు పొద్దున్నే ఫోన్ చేస్తే అతను నవ్వాడు. "మీ బాపు చేసిన గోడనే గదమ్మా, గాయినకే లేని భయం నీకెందుకు?" అన్నాడు.

"ఎరుపు పెడితే ఏమైతది?" భూదేవి గొంతు ఒక్కసారిగా తగ్గింది.

"నేను పంపిన గంటల గడికి తాళం ఏస్తరు. దూలాలు మార్చేదాక ఎవలు ఎక్కద్దు."

"మరి మేం యాడ కూసోవాలె?"

ఆ ముప్పై తొమ్మిది మందిలో ఇరవై ఆరుగురి భర్తలు దుబాయిలోనో, బహ్రెయిన్‌లోనో, ఏ ఊరో కూడా చెప్పని చోటనో ఉన్నారు. ఇంటికి ఫోన్ వస్తే ఒక్కరే వినలేక ఆ హాల్లోకి తెచ్చుకుని వింటారు. జీతం రాలేదన్న కబురైనా, శవం వస్తోందన్న కబురైనా మొదట అక్కడికే చేరుతుంది. ఒకరి చాటలోని పని ఇంకొకరు పూర్తి చేస్తారు. ఆ హాలుకు తాళమంటే ఏమిటో లీలకు తెలుసు. ఆమె ఆ చాటల మధ్యే ఆడుకుంటూ పెరిగింది.

"మస్కట్ నుంచి మందికి ఏమచ్చినయి?" భూదేవి మళ్లీ అందుకుంది. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా గొంతు దించలేదు. "టేపురికార్డులు అచ్చినయి, కంబళ్లు అచ్చినయి. మనకేమచ్చింది? గా పని అచ్చింది. తొమ్మిదేండ్లకు మీ బాపు తెచ్చిన సామాను గదొక్కటే. ఊరంత శాలువా కప్పింది. దాని మీద నువ్వు ఎరుపు పోస్తవా?"

సమ్మయ్య లేచాడు. మంచం కిర్రుమంది. ఇద్దరూ అతని వైపు తిరిగారు, ఇప్పుడైనా మాట్లాడతాడని. అతను మోపెడ్ స్టార్ట్ చేసి, ఎవరి మొహమూ చూడకుండా గేటు దాటి వెళ్లిపోయాడు.

"సూసినవా? అన్నం గూడ ముట్టలే." భూదేవి సంచి భుజానికెత్తుకుంది. "నాకు ఫోన్ చెయ్యకు లీలా. చేసినా ఎత్త."

ఆమె కూడా వెళ్లిపోయింది.

ఖాళీ ఇంట్లో లీల లాప్‌టాప్ తెరిచింది. తూర్పు గోడ మీద నొక్కింది. పక్కన చిన్న పట్టిక వచ్చింది. రాయి, గచ్చు, ఎత్తు, మందం, అన్నీ నిండి ఉన్నాయి. కింద ఇంకో రెండు వరుసలు ఉన్నాయి. "దూలాల కొసల స్థితి" అన్న వరుసలో తండ్రి చెప్పిన మాట ఉంది: గాలి సందు ఉంది. ఆ మాట వల్లే గోడ పసుపులో ఉంది. పసుపంటే కనిపెట్టి చూస్తూ ఉండమని. మూశారని రాస్తే ఆ పదకొండు మిల్లీమీటర్లు కలిసి గోడ ఎర్రబడుతుంది. ఎరుపంటే మనుషులను దించమని. రిపోర్టు మధ్యాహ్నం పన్నెండుకు వెళ్లాలి.

రెండో వరుసను లీల ఎక్కువసేపు చూడలేకపోయింది. లాప్‌టాప్ సంచిలో పెట్టుకుని స్కూటీ తీసింది.

చాయ్ హోటల్ ముందు సమ్మయ్య లేడు. "కోరుట్ల దిక్కు పోయిండు, జోరుమీదున్నడు" అన్నారు. కోరుట్లలో తండ్రికి పనేముంటుందో లీలకు ఎంత ఆలోచించినా ఒక్కటే పేరు తట్టింది. ఆ పేరు ఇంట్లో పలికి పద్దెనిమిదేళ్లయింది.

*

ఇక్బాల్ కట్టెకోత మిల్లులో రంపం తిరుగుతోంది. గడి తలుపులు, కిటికీలు బాగుచేసింది ఈ ఇక్బాలే. ఒకప్పుడు సమ్మయ్యతో కలిసి ఒకే గిన్నెలో తిన్న మనిషి. ఎందుకు చెడిందో లీలకు ఎవరూ చెప్పలేదు.

సమ్మయ్య మొద్దుల మధ్య నిలబడి ఒక్కోదాన్ని తట్టి చూస్తున్నాడు. కూతుర్ని చూసి తట్టడం ఆపాడు.

"రా బేటీ," ఇక్బాల్ రంపం ఆపి గడ్డానికి అంటిన పొట్టు దులుపుకున్నాడు. "మీ బాపుకు గుంజలు కావాల్నట. పన్నెండు ఫీట్లయి, గట్టియి. ట్రాలీ గూడ ఇప్పుడే కావాల్నట. ఎందుకంటే చెప్తలేడు. పద్దెనిమిదేండ్లకు నా దుకాణం ఎక్కిండు, నేను గూడ గట్టిగ అడుగుతలేను."

"ఎన్ని గుంజలు చాచా?"

"ఏడు."

లీల సంచి భుజం మీది నుంచి జారింది. పట్టుకుంది.

"బాపూ, సందు ఇడిశిపెట్టిన దూలానికి గుంజ ఎందుకు?"

"ఎందుకైన మంచిదని." నిన్నటి తర్వాత అతను కూతురితో అన్న మొదటి మాట అదే.

"ఎందుకైన మంచిదంటే ఒకటి పెడతవు, రెండు పెడతవు. ఏడింటికి ఏడా?"

సమ్మయ్య మొద్దు మీది బెరడు గోటితో గీకసాగాడు.

"సమ్మన్నా," ఇక్బాల్ నెమ్మదిగా అన్నాడు, "ఆ దినం నేను చెప్పిన మాట యాదికున్నదా?"

"ఊకో ఇక్బాల్ భాయ్."

"ఊకునే ఉన్న. కట్టెకు ఊపిరాడాలె, ఊపిరి తియ్యకు అంటే, నలుగురి ముందట నన్ను 'ఎడ్లబండి కాలపోనివి, నీకేం తెల్సు' అన్నవు. నాకు బాధైంది. మస్తు బాధైంది. గని నీ గోడ బాగుండాల్ననే కోరుకున్న, అల్లా తోడు."

సమ్మయ్య ఒక మొద్దు మీద కూలబడ్డాడు. అతనికి అరవై ఒకటి. ఆ క్షణంలో ఇంకా పదేళ్లు ఎక్కువగా కనిపించాడు.

"చీమ దూరద్దు అనుకున్న," అన్నాడు. కూతురితో కాదు, ఇక్బాల్‌తోనూ కాదు. "మస్కట్ల మా ఫోర్‌మన్ ఉండేటోడు. గోడకు సందు కనవడ్డదంటే ఆ దినం కూలి కట్. ఎండల నిలవెట్టి తిట్టేటోడు. తొమ్మిదేండ్లు గదే నేర్చిన. సందు కనవడితే మూసుడే. ఈడికొచ్చి గడి ఎక్కి సూస్తే ఏడు సందులు కనవడ్డయి. పాతోళ్లు పని తెల్వనోళ్లు, ఇడిశిపెట్టి పోయిండ్రు అనుకున్న. సిమెంటు కూరి కూరి మూసిన. మూసినంక ఎంత సంబురమైందో నాకు!"

"ఏడూనా?"

"ఏడు."

లీలకు తండ్రి మీద కోపం రావాలి. వచ్చింది జాలి. దాని వెనకే భయం. మిల్లు గోడ మీది గడియారంలో పదకొండు కావడానికి పది నిమిషాలు. అవతల అందరూ ఎక్కేసి ఉంటారు. తల్లికి ఫోన్ చేసింది. కట్ అయింది. మళ్లీ చేసింది, మళ్లీ కట్.

"అవ్వ నాది ఎత్తదు. నువ్వు చెయ్యి బాపూ."

"గుంజలు ఏస్కొని అరగంటల పోదం. ముందుగాల దూలాల కింద నిలవెట్టి..."

"అరగంట ఎందుకు ఆగాలె? మందిని దిగుమని ఒక్క మాట చెప్పు!"

"ఏమని చెప్పాలె?"

"గిప్పుడు చెప్పిందే."

"గందరి నడుమనా?" సమ్మయ్య తలెత్తాడు. "శాలువా కప్పింది వాళ్లే గదనే."

లీల పలకల దొంతర మీద లాప్‌టాప్ తెరిచి పెట్టింది. పసుపుపచ్చ గోడ మెల్లగా తిరిగింది. సమ్మయ్య చూడకూడదనుకుంటూనే చూశాడు. అతనికి చదువు కూడబలుక్కునేంత వచ్చు.

"గీ కింది వరుసల ఏం రాసి ఉన్నది?"

"మరమ్మతు చేసినవారు ఎవరని."

"పక్కన?"

"తెలియదు అని."

"ఎవలు రాసిండ్రు?"

"నేనే. నెల కింద. నీ పేరు రాయబుద్ధి కాలే." ఆమె కళ్లు తుడుచుకుంది. "నిన్న నువ్వు అబద్ధం చెప్తున్నవని అనుమానమొచ్చి కోపం చేసిన. మరి నేను చేసింది ఏంది బాపూ?"

ఇక్బాల్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. సమ్మయ్య తెర మీది ఆ ఒక్క మాట మీద వేలు పెట్టాడు.

"తుడువు," అన్నాడు. "నా పేరు రాయి. మూసిండని రాయి."

లీల రాసింది. గోడ ఎర్రబడింది. సమ్మయ్య జేబులోంచి ఫోన్ తీసి స్పీకర్ పెట్టాడు.

భూదేవి వెంటనే ఎత్తింది. వెనక ఆడవాళ్ల గోల, ఎవరో నవ్వు, బస్తా జరిపిన చప్పుడు. "యాడున్నవయ్యా? ఏమన్న తిన్నవా?"

"భూదేవీ, అందరిని దిగుమను."

"పొల్ల చెప్పుమన్నదా?"

"పొల్ల గాదు. నేనే చెప్తున్న. దూలాల కాడ సందులు మూసింది నేనే. ఏడు మూసిన. కొసలు పుచ్చినయి. దిగుమను."

అవతల గోల ఒక్కసారిగా ఆగిపోయింది. భూదేవి ఫోన్ కూడా స్పీకర్ మీదే ఉందన్నమాట. సమ్మయ్య కళ్లు మూసుకున్నాడు.

"అవ్వా, నేను లీల. పడమటి గోడ పొంటే నడువాలె, మెట్లు గాడనే ఉన్నయి గద. ఒక్కరెంక ఒక్కరు. ఉరుకద్దు. హాలు నడుమ గుంపు కట్టద్దు. బస్తలు ఆడనే ఇడిశిపెట్టుండ్రి."

భూదేవి గొంతు హాల్లో వినిపించింది. పేరు పేరునా పిలుస్తోంది. తిడుతోంది. చాట వదలని ముసలి మల్లవ్వను చాటతో సహా లేపించింది. టేకేదారు అందరికంటే ముందే దిగిపోయాడట, అతన్ని ఆమె లెక్కలోకి తీసుకోలేదు. బీడీలు లెక్కపెట్టినట్టే మనుషులను లెక్కపెట్టింది. ఇరవై ఐదు కాగానే అలవాటుగా "ఒక కట్ట" అంది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

మిల్లులో ముగ్గురూ ఫోన్ మీదికి వంగి విన్నారు. పది. పదకొండు. ఎక్కడో కట్టె కిర్రుమన్న చప్పుడు. పన్నెండు. పదమూడు.

"ముప్పై ఎనిమిది," అన్నాడు ఇక్బాల్. "ఇగ భూదేవమ్మనే."

"అవ్వా, నువ్వు గూడ దిగు."

అడుగుల చప్పుడు వినిపించింది. నడుస్తోంది. ఆగింది. తర్వాత గోడకు ఏదో మెత్తగా ఒరుసుకున్న చప్పుడు.

"ఏమయ్యో," భూదేవి అంది. గొంతులో కోపం లేదు. "కొసలు పుచ్చినయి అన్నవు. బిడ్డ మిషనుకు గూడ కనవడలేదట గద గవి. గోడ లోపటి కొస పుచ్చిన సంగతి నీకెట్ల తెల్సు?"

సమ్మయ్య ఫోన్‌ను రెండు చేతులా పట్టుకున్నాడు.

"వానకాలంల నా చాట పక్కన గోడ మొదట్ల ఎర్రటి కట్టె పొడి కనవడ్డది. నువ్వు అచ్చి ఊడ్చినవు. తంబాకు పొడి అన్నవు. ముప్పై ఏండ్ల సంది బీడీలు చేస్తున్న, తంబాకు పొడి ఎట్లుంటదో నాకు తెల్వదా? నువ్వన్నవని నమ్మిన. అందరితోని మురిసి చెప్పుకున్న, నా మొగడు నా జాగ ఊడ్చిండని."

"అవ్వా, ముందుగాల దిగు, నీ కాళ్లు మొక్కుత!" లీల ఫోన్ మీదికి వంగి అరిచింది.

"నువ్వు ఊకో బిడ్డా. నేను నా జాగల్నే కూసున్న. గోడకు ఆనుకొని." భూదేవి ఊపిరి వినిపిస్తోంది. "తెల్వక కూసోవెట్టినవు, గది సరే. తెల్సినంక గూడ నాలుగు నెలలు నన్ను ఈడనే కూసోనిచ్చినవా? గదొక్కటి చెప్పు. చెప్తే దిగుత."

తెర మీద ఎర్ర గోడ ఇంకా మెల్లగా తిరుగుతూనే ఉంది. లీల తండ్రి చెయ్యి పట్టుకుంది. నిజం చెబితే ఆమె మెట్లు దిగుతుంది, కానీ అటునుంచి ఇంటికి వస్తుందో రాదో. అబద్ధం చెబితే ఆమెకు తెలిసిపోతుంది. ఈ రెండూ సమ్మయ్యకు ఒకేసారి అర్థమయ్యాయి.

"భూదేవీ," అన్నాడు.

"ఆఁ. ఇంటున్న. చెప్పు."